క్యాంపస్‌లో రేస్ గురించి మాట్లాడించాలంటే హాలు వద్దు, పద్నాలుగు కుర్చీలు చాలు

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్తాను, తర్వాత చదివేవాళ్ళకి కూడా సంగతి తెలియాలి కదా. అమెరికా మిడ్‌వెస్ట్‌లో ఒక స్టేట్ యూనివర్సిటీలో మీరు అసిస్టెంట్ ప్రొఫెసరుగా చేరి రెండేళ్లయింది. డార్మ్‌లో ఒక నల్లజాతి విద్యార్థి తలుపు మీద ఎవరో జాతిని తిడుతూ రాశారు. వారం తిరక్కుండా ఒక కమిటీ వేసి అందులో మిమ్మల్నీ పెట్టారు. పెద్ద హాల్లో ‘ఓపెన్ డైలాగ్’ అన్నారు. నలభై మంది వచ్చారు. తెల్ల విద్యార్థులు నోరు విప్పలేదు. నల్ల విద్యార్థులు ఇద్దరు మాట్లాడాక మూడో అమ్మాయి ‘మీకు పాఠాలు చెప్పి చెప్పి అలిసిపోయాం’ అని లేచి వెళ్ళిపోయింది. మన ఇండియన్ పిల్లలు ఒక్కరూ రాలేదు. ఇప్పుడేం చేయాలి, అసలు టెన్యూర్, అంటే ఉద్యోగం శాశ్వతం కావడం, రాకముందు ఇందులో ఉండటం మంచిదేనా అని అడిగారు.

నేను ఇక్కడి పబ్లిక్ యూనివర్సిటీల్లో ఇరవై రెండేళ్లుగా పాఠాలు చెప్తున్నాను. అందులో పద్నాలుగేళ్లు ఇలాంటి గ్రూపులు నడిపాను, నడిపేవాళ్ళకి ట్రైనింగ్ ఇచ్చాను. మీ మీటింగ్‌లో జరిగిందంతా నా మొదటి మీటింగ్‌లోనూ జరిగింది, లేచి వెళ్ళిపోయిన అమ్మాయితో సహా. ఆ అమ్మాయి చెప్పింది నిజం. అక్కణ్ణుంచే మొదలుపెడదాం.

ఇల్లు కాలుతుంటే బావి తవ్వడం అంటాం చూడండి, గొడవ జరిగిన వారంలో డైలాగ్ పెట్టడం అలాంటిదే. ఆ వారంలో చేయాల్సిన పనులు వేరు. ఆ పిల్లవాణ్ణి ‘నీకేం కావాలి’ అని అడగాలి. గది మారతాడా, అక్కడే ఉంటాడా, ఇంట్లోవాళ్ళకి ఎవరు చెప్పాలి, ఇవి వాడి ఇష్టం. తలుపు మీది రాతను ముందు ఫోటో తీసి తర్వాత తుడవాలి, వాడి స్నేహితులతో కాదు, సిబ్బందితో. యూనివర్సిటీ ప్రెసిడెంటు ఆఫీసు నుంచి వచ్చే ఈమెయిల్లో ‘ఒక దురదృష్టకర సంఘటన’ అని దాటెయ్యకుండా ఏం జరిగిందో ఉన్నదున్నట్టు రాయాలి. విచారణ ఎవరు చేస్తున్నారు, ఏ తేదీలోపు చెప్తారు, ఈ రెండూ ఉండాలి. ఇవి తేలకుండా కుర్చీలు గుండ్రంగా వేస్తే ‘మమ్మల్ని చల్లార్చడానికి పిలిచారు’ అనే అనుకుంటారు, అలా అనుకోవడంలో తప్పేమీ లేదు.

2015లో మిస్సోరీ యూనివర్సిటీలో ఏమైందో గుర్తుందిగా. ఒకదాని తర్వాత ఒకటి సంఘటనలు, పై నుంచి నత్తనడక జవాబులు. ఒక గ్రాడ్యుయేట్ విద్యార్థి నిరాహారదీక్షకి కూర్చున్నాడు. ఫుట్‌బాల్ జట్టులోని నల్లజాతి ఆటగాళ్ళు ప్రెసిడెంటు దిగేదాకా ఆడం అన్నారు. నవంబరు 9న ఆ ప్రెసిడెంటు టిమ్ వుల్ఫ్ రాజీనామా చేశాడు. నెలల తరబడి కదలని కుర్చీ జట్టు ఆ మాట అన్న రెండు రోజుల్లో కదిలింది. అప్పటికి డైలాగ్ పెట్టే వేళ ఎప్పుడో దాటిపోయింది.

మరి బావి ఎప్పుడు తవ్వాలి? మిషిగన్ యూనివర్సిటీ కథ చెప్తాను, ఇందులో అందరం ఏదో రకంగా వాళ్ళ శిష్యులమే. 1987లో అక్కడ క్యాంపస్ రేడియోలో జాతి మీద జోకులు వేశారు, కరపత్రాలు కనిపించాయి, పెద్ద ఆందోళన జరిగింది. 1988లో ‘ప్రోగ్రామ్ ఆన్ ఇంటర్‌గ్రూప్ రిలేషన్స్’ మొదలైంది. వాళ్ళు చేసిన తెలివైన పని దాన్ని క్రెడిట్లున్న కోర్సుగా మార్చడం. పన్నెండు నుంచి పదహారు మంది, రెండు వర్గాల నుంచి వీలైనంత సమానంగా. నడిపేది ఇద్దరు, ఒక్కో వర్గం నుంచి ఒక్కరు, వాళ్ళూ విద్యార్థులే, కానీ ముందే శిక్షణ పొందినవాళ్ళు. సెమిస్టరంతా అదే మనుషులు, అదే గది. మొదటి రోజే ‘జాతి గురించి మాట్లాడండి’ అనరు. ముందు పరిచయం, తర్వాత ఎవరి జీవితం వాళ్ళు చెప్పడం, ఆ తర్వాతే వేడి విషయాలు, చివర్లో కలిసి ఏదైనా చేయడం.

నలభై మంది అపరిచితుల ముందు ఒకసారి మాట్లాడమంటే ఎవరూ నిజం చెప్పరు. చెప్పినవాళ్ళు మర్నాడు కెఫెటేరియాలో నలభై మొహాలు చూడాలి. పన్నెండు మందితో ఐదో వారానికి మనిషి మెత్తబడతాడు. నా మొత్తం సలహా ఒక్క ముక్కలో కావాలంటే ఇదే: అవే మనుషులు మళ్ళీ మళ్ళీ కలవాలి, ఆ కలయిక వల్ల క్యాంపస్‌లో కంటికి కనిపించేది ఏదో ఒకటి మారాలి. ఈ రెండిట్లో ఏది లేకపోయినా మిగిలేది గోడ మీది పోస్టరే.

పరిశోధన కూడా దీనికి దగ్గర్లోనే ఉంది. మనస్తత్వ శాస్త్రవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లోనే రాశాడు: వేర్వేరు వర్గాల వాళ్ళు ఎదురుపడినంత మాత్రాన చాలదు, ఆ చోట ఇద్దరి స్థాయీ సమానంగా ఉండాలి, ఒకే లక్ష్యం ఉండాలి, పోటీ పడకుండా సహకరించాలి, సంస్థ దన్ను ఉండాలి అని. 2006లో పెట్టిగ్రూ, ట్రాప్ అనే ఇద్దరు పరిశోధకులు 515 అధ్యయనాలు కలిపి చూశారు. పరిచయం పెరిగితే దురభిప్రాయం సాధారణంగా తగ్గుతుందని తేలింది. ఆల్‌పోర్ట్ షరతులు లేకపోయినా కొంత తగ్గుతుంది, ఉంటే ఇంకా బాగా తగ్గుతుంది. అంటే నిరాశపడక్కర్లేదు, అలాగని గది ఎలా పెట్టినా ఒకటే అనుకోకూడదు.

ఇక గది లోపల. నేను ఎక్కువగా వాడేది ఫిష్‌బౌల్ పద్ధతి. లోపల ఐదారు కుర్చీలు ఎదురెదురుగా, వాటి చుట్టూ మిగతావి. లోపలివాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారు, బయటివాళ్ళు వింటారంతే. ప్రశ్న వేయకూడదు, తల కూడా ఊపకూడదు అని నేను చెప్తాను. ఇరవై నిమిషాలయ్యాక చోట్లు మార్పు. బయటివాళ్ళు చెప్పాల్సింది ‘నేనేం విన్నాను’ అని మాత్రమే, ‘నేనేం అనుకుంటున్నాను’ అని కాదు. పాఠాలు చెప్పి అలిసిపోయామన్న మాట ఇక్కడ తగ్గుతుంది, ఎందుకంటే లోపలివాళ్ళు పాఠం చెప్పట్లేదు, తమలో తాము మాట్లాడుకుంటున్నారు.

ఒకసారి ఐదో వారంలో లోపల నలుగురు నల్ల విద్యార్థులు కూర్చున్నారు. ప్రశ్న చిన్నది: ఈ క్యాంపస్‌లో మీ ఐడీ కార్డు ఎక్కడ ఉంటుంది? ఇంజనీరింగ్ చదివే కుర్రాడు మెడలోంచి తాడు తీసి చూపించాడు. రాత్రి తొమ్మిది దాటాక ల్యాబ్‌కి వెళ్ళేటప్పుడు కార్డు చొక్కా బయటికి, ఫోటో పైకి కనిపించేలా వేసుకుంటాడట. తలుపు దగ్గరకి వచ్చేలోపే హుడీ టోపీ వెనక్కి తీసేస్తాడట, ఎంత చలైనా సరే. పక్కనున్న అమ్మాయి ‘నేను ఫోన్ చేతిలో పట్టుకోను’ అంది. ఎందుకని ఎవరూ అడగలేదు, దాన్ని ఆయుధం అనుకుంటారేమోనన్న భయం మిగతా ముగ్గురికీ తెలుసు. చోట్లు మారాక ఒక తెల్ల అబ్బాయి చాలాసేపు ఏమీ అనలేదు. చివరికి ‘నా కార్డు మొదటి సంవత్సరమే పోయింది. ఇంకోటి తీసుకోలేదు. ఎవరో ఒకరు తలుపు తెరిచి పట్టుకుంటారు’ అన్నాడు. అతను మూడో సంవత్సరం. అదే ల్యాబ్.

ఆ గదిలో నేను చేసిన మంచి పని ఒక్కటే, నోరు మూసుకోవడం. అంతకు రెండేళ్ల ముందైతే ‘చూశారా, దీన్నే ప్రివిలేజ్ అంటారు’ అని మొదలుపెట్టేదాన్ని, ఆ అబ్బాయి మొహం మాడిపోయేది, అంతటితో సరి.

ఆ గ్రూపు తర్వాత వారాలన్నీ ఆ తలుపు మీదే పనిచేసింది. రాత్రిపూట ఎవరు వచ్చినా కార్డు గీకితేనే తెరుచుకోవాలి, సెక్యూరిటీ వాళ్ళు అడిగితే అందర్నీ అడగాలి, లేకపోతే ఎవర్నీ అడగకూడదు. భవనాలు చూసుకునే ఫెసిలిటీస్ వాళ్ళ చుట్టూ ఏడు వారాలు తిరిగారు. పెద్ద విప్లవమేం కాదు. కానీ తర్వాతి సెమిస్టర్లో గ్రూపుకి పేర్లు ఇచ్చినవాళ్ళలో సగం మంది ‘ఆ తలుపు మార్పించినవాళ్ళు మీరేనా’ అని అడిగి మరీ వచ్చారు.

గ్రూపు కూర్పు గురించి ఒక హెచ్చరిక. నల్ల విద్యార్థులు తక్కువగా ఉన్న చోట, ప్రతి గ్రూపులో ‘వైవిధ్యం’ కనిపించాలని ఒక్కొక్కర్ని ఒక్కో గ్రూపులో సర్దేస్తారు. అది చేయకండి. ఆ ఒక్కరు సెమిస్టరంతా తన జాతి మొత్తానికి వకీలు అయిపోతారు. ఆరు గ్రూపులు పెట్టే బదులు రెండే పెట్టండి, కానీ ఎవరూ ఒంటరి కాకుండా. అయితే మనుషుల్ని జాతి చూసి ఏరుకోవడం ఇప్పుడు చట్టప్రకారం చిక్కు. ప్రభుత్వ నిధులు తీసుకునే సంస్థలు జాతి వివక్ష చూపకూడదనే టైటిల్ సిక్స్ 1964 పౌరహక్కుల చట్టంలో ఎప్పటినుంచో ఉంది, 2023 జూన్ 29న సుప్రీంకోర్టు హార్వర్డ్ కేసులో అడ్మిషన్లలో జాతిని లెక్కలోకి తీసుకోవడాన్ని కొట్టేశాక యూనివర్సిటీ లాయర్లు మరీ జాగ్రత్త పడుతున్నారు. అందుకని గ్రూపు అందరికీ తెరిచి ఉంచండి, ఫిష్‌బౌల్లో ఎవరు ఎక్కడ కూర్చోవాలో వాళ్ళనే తేల్చుకోనివ్వండి, ఫారం తయారుచేసేముందు లాయరు ఆఫీసుకి ఒకసారి చూపించండి.

మీ రాష్ట్రంలో చట్టం ఎలా ఉందో కూడా చూసుకోండి. టెక్సస్‌లో ఎస్‌బీ 17 అనే చట్టం 2024 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చి పబ్లిక్ యూనివర్సిటీల్లో డీఈఐ (వైవిధ్యం, సమానత్వం, అందర్నీ కలుపుకోవడం చూసే) ఆఫీసులు మూయించింది. కానీ అదే చట్టం తరగతిలో చెప్పే పాఠాన్నీ, పరిశోధననీ, విద్యార్థి సంఘాల కార్యక్రమాలనీ మినహాయించింది. అక్కడ పనిచేసే ఒక స్నేహితురాలు అందుకే తన గ్రూపును కోర్సులోకి మార్చుకుంది. ఆఫీసు ఒక్క సంతకంతో పోతుంది, కోర్సు కేటలాగ్‌లో చేరిన మూడు క్రెడిట్ల కోర్సును తీసేయాలంటే చాలాచోట్ల ఫ్యాకల్టీ సెనేట్ (అధ్యాపకుల సభ) దాకా వెళ్ళాలి. మీ రాష్ట్రంలో ఇంకా ఏమీ రాకపోయినా మీరు కోర్సు రూపమే ఎంచుకోండి. నడిపే విద్యార్థులకి క్రెడిట్లైనా ఇవ్వండి, డబ్బైనా ఇవ్వండి. ఊరికే చేయించుకోవద్దు. లేచి వెళ్ళిపోయిన ఆ అమ్మాయి అలసటకి సగం కారణం అదే.

ఎక్కడ మొదలుపెట్టాలో తోచకపోతే మీ క్యాంపస్ చరిత్రతో మొదలుపెట్టండి. దాని మీద అభిప్రాయభేదానికి చోటు తక్కువ, కాగితాలుంటాయి. జార్జ్‌టౌన్ యూనివర్సిటీని నడిపే జెస్యూట్లు (క్యాథలిక్ మతగురువుల సంఘం) 1838లో 272 మంది బానిసల్ని అమ్మారు, ఆ డబ్బులో కొంత కాలేజీ అప్పులు తీర్చడానికి వెళ్ళింది. ఆ అమ్మకం జరిపిన, యూనివర్సిటీ మాజీ ప్రెసిడెంటు పేరుతో ఉన్న భవనానికి 2017లో ఐజక్ హాకిన్స్ పేరు పెట్టారు. అమ్మకం పత్రంలో మొట్టమొదట కనిపించే పేరు ఆయనది. 2019లో విద్యార్థులు తామే ఓటేసి, ఆ సంతతివారి కోసం సెమిస్టరుకి 27 డాలర్ల 20 సెంట్ల ఫీజు కట్టడానికి సిద్ధమన్నారు. ఆ అంకె ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పక్కర్లేదు. మీ యూనివర్సిటీ లైబ్రరీ ఆర్కైవ్స్‌లోనూ ఏదో ఒకటి ఉంటుంది: మొదటి నల్లజాతి విద్యార్థిని ఏ డార్మ్‌లో ఉండనివ్వలేదు, ఏ హోటల్లో భోజనం పెట్టలేదు. ఆర్కైవ్స్ ఆవిణ్ణి ఒక్క పెట్టె బయట పెట్టమని అడగండి. పాత ఉత్తరం చేతిలో ఉంటే మాట దానంతట అదే వస్తుంది.

ఇప్పుడు మన పిల్లల సంగతి, మన సంగతి. ఇది రాయడానికే నేను అసలు జవాబు మొదలుపెట్టాను.

కొత్తగా వచ్చే తెలుగు విద్యార్థుల వాట్సాప్ గ్రూపులు చూశారా? ఒకసారి మా యూనివర్సిటీ గ్రూపులో ఒకమ్మాయి అపార్ట్‌మెంట్ లింకు పెట్టి ‘రెంట్ తక్కువుంది, తీసుకోవచ్చా’ అని అడిగింది. సీనియర్ జవాబు: ‘వద్దు, అది నల్లోళ్ళ ఏరియా.’ దాని కింద తొమ్మిది బొటనవేళ్ళు. విమానం ఎక్కకముందే పాఠం అయిపోయింది. వీళ్ళని ఓపెన్ డైలాగ్‌కి పిలిస్తే ఎందుకొస్తారు? వాళ్ళ లెక్కలో అది అమెరికా వాళ్ళ ఇంటిగొడవ.

ఈ ‘మనం బయటివాళ్ళం’ అనే మాట నేనూ నమ్మాను. మొదట్లో ఒకసారి, గ్రూపును రెండు వలయాలుగా కూర్చోబెడుతుంటే ఒక విద్యార్థి మామూలుగా అడిగాడు, ‘ప్రొఫెసర్, మీరు ఏ వలయంలో కూర్చుంటారు?’ అని. జవాబు లేక గంటసేపు నిలబడే ఉండిపోయాను.

భగత్‌సింగ్ తింద్ కేసు అప్పుడే చదివాను. అమృత్‌సర్ దగ్గర పుట్టినవాడు, మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేశాడు. వలస వచ్చినవాళ్ళలో పౌరసత్వం తెల్లవాళ్ళకీ ఆఫ్రికన్ సంతతికీ మాత్రమే ఇచ్చే రోజులు. తాను అగ్రకులం వాణ్ణి, ఆర్య సంతతి, కాబట్టి తెల్లవాడి కిందే లెక్క అని వాదించాడు. 1923లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు, సామాన్యుడి దృష్టిలో నువ్వు తెల్లవాడివి కాదు పో అంది. అప్పటికే పౌరసత్వం వచ్చిన భారతీయులు కొందరిది రద్దు చేశారు కూడా. 1946లో చట్టం మారేదాకా తలుపు మూసే ఉంది, మనలాంటివాళ్ళు వేలల్లో రావడం 1965 ఇమిగ్రేషన్ చట్టం తర్వాతే. పౌరహక్కుల ఉద్యమం ఊపులో వచ్చిన చట్టం అది. తరగతిలో దీన్ని చెప్పినప్పుడు మన పిల్లలు రెండు చోట్ల ఉలిక్కిపడతారు: నల్లవాళ్ళు నడిచిన దారిలోనే మన వీసాలు వచ్చాయన్నప్పుడు ఒకసారి, ఆ కోర్టులో మనవాడు ఎత్తిన వాదం కులమే అన్నప్పుడు ఇంకోసారి.

ఇక్కడో భాష చిక్కు కూడా ఉంది. ‘రేస్’ అన్నదానికి తెలుగులో అతికినట్టుండే మాట లేదు. జాతి అంటే దేశమూ అవుతుంది, పువ్వుల్లో రకమూ అవుతుంది. వర్ణం అంటే నేరుగా కులంలోకి జారిపోతాం. ఈ చిక్కునే నేను వాడుకుంటాను. తెలుగు పిల్లలతో విడిగా కూర్చున్నప్పుడు, రేస్ గురించి ఎత్తకుండా ముందు ఒకే ప్రశ్న అడుగుతాను: కొత్త రూమ్మేట్‌ని ‘మీ ఇంటిపేరేంటి, మీది ఏ ఊరు’ అని అడిగినప్పుడు నిజంగా ఏం తెలుసుకోవాలనుకుంటాం? గది నిశ్శబ్దమైపోతుంది. అడిగేవాడికి అది పరిచయం, జవాబు చెప్పేవాళ్ళలో కొందరికి పరీక్ష. ఆ ఇంజనీరింగ్ కుర్రాడి మెడలో కార్డు సంగతి ఆ తర్వాత చెప్తే వాళ్ళకి వివరించాల్సిన పని ఉండదు. ఇది మన సొంత ఊహేం కాదు లెండి, బ్రాండైస్ యూనివర్సిటీ 2019లో, కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ వ్యవస్థ మొత్తం 2022లో తమ వివక్ష నిరోధక నియమాల్లో కులాన్ని చేర్చాయి.

మన పిల్లల్ని పోస్టర్లతో పిలవకండి, రారు. ఓరియంటేషన్‌లో ఇల్లు వెతకడం మీద ఎలాగూ ఒక సెషన్ ఉంటుంది, అందులో పదిహేను నిమిషాలు అడిగి తీసుకోండి. ఇద్దరు సీనియర్లతో, వాళ్ళే ఉన్న వీధుల గురించి, వాళ్ళ పొరుగువాళ్ళ గురించి మాట్లాడించండి. మా దగ్గర ‘వద్దు’ అని రాసిన ఆ సీనియరే రెండేళ్ల తర్వాత, అద్దె కట్టలేక, అదే కాంప్లెక్సులో చేరాడు. తర్వాతి బ్యాచ్‌కి ఆ సెషన్ అతనే చెప్పాడు. నేనేమీ నేర్పలేదు.

ల్యాబ్ కోర్సు మీ చేతిలో ఉంటే ఇంకో సులువైన దారి ఉంది. 1971లో టెక్సస్‌లోని ఆస్టిన్ బడుల్లో నల్ల, తెల్ల, మెక్సికన్ పిల్లల్ని కలిపి కూర్చోబెట్టాక గొడవలు మొదలైతే, మనస్తత్వ శాస్త్రవేత్త ఎలియట్ ఆరన్సన్ ‘జిగ్‌సా’ పద్ధతి తెచ్చాడు. పాఠాన్ని ముక్కలు చేసి, గ్రూపులో ఒక్కొక్కరికి ఒక్కో ముక్క ఇస్తారు. మిగతావాళ్ళు చెప్పేది వినకపోతే మార్కులు రావు. రేస్ అన్న మాటే ఎత్తకుండా పని జరుగుతుంది. పాఠం బాగా రానివాడు ఇబ్బంది పడతాడు, కాస్త చూసుకోవాలి.

ఫలితం ఎలా కొలవాలి అని డీన్ అడుగుతారు. ‘కార్యక్రమం నచ్చిందా’ అనే సర్వేలు చూపించకండి, అందరూ నాలుగు చుక్కలు పెట్టి వెళ్ళిపోతారు. నాలుగో వారంలో ఎంతమంది మిగిలారు, అందులో నల్ల విద్యార్థులు ఎంతమంది, ఇచ్చిన ఫిర్యాదుకి జవాబు రావడానికి ఎన్ని రోజులు పట్టింది, ఈ మూడూ రాసిపెట్టుకోండి. అంకెలు బాగా లేకపోయినా దాచొద్దు.

చివరగా, మీరు ఉండాలా వద్దా. ఉండండి, కానీ ఊరికే ఉండకండి. టెన్యూర్ ఫైలులో ‘సర్వీస్’ (కమిటీల్లాంటి పనులు) అన్న పెట్టె అన్నిటికంటే చిన్నది, ఇలాంటి కమిటీలకి మాత్రం ఎప్పుడూ మనలాంటి ఆడవాళ్ళే గుర్తొస్తారు. ఈ వారంలోనే మీ డిపార్ట్‌మెంట్ చైర్‌కి ఈమెయిల్ రాయండి: ఈ పని ఏడాది సర్వీస్ కింద మొత్తంగా లెక్కవ్వాలి, బదులుగా ఇంకో కమిటీ నుంచి నన్ను తీసేయాలి, కోర్సు రూపం వస్తే అది నా టీచింగ్ లోడ్‌లో ఒక కోర్సు అవ్వాలి. నోటిమాట ఒప్పుకోవద్దు, ‘సరే’ అన్నది కాగితం మీద రావాలి. వచ్చాక ఆ లేచి వెళ్ళిపోయిన అమ్మాయిని కాఫీకి పిలవండి. క్షమాపణ చెప్పండి, ఏమీ అడగొద్దు. రెండోసారి కలిసినప్పుడు, నడిపే ఇద్దరిలో ఒకరిగా, జీతానికి, వస్తావా అని అడగండి. రానంటే బలవంతపెట్టకండి, ఆమె ఎవరి పేరు చెప్తుందో ఆ పేరు రాసుకోండి.